మంచంలోంచి పిండి రాలుతోంది, రాత్రిళ్లు చీమలాంటిదేదో కుడుతోంది. రెండూ ఒకటేనా?

పెన్నాగట్టు
మాది తాడిపత్రి. ఇంట్లో మా అవ్వ పెళ్లినాటి టేకు మంచం ఉంది, ఇప్పుడు దాని మీద మా అమ్మ పడుకుంటుంది. మూడు వారాలుగా మంచం కింద పిండి రాలుతోంది. జల్లెడ పట్టిన గోధుమపిండిలా మెత్తగా ఉంటుంది. పొద్దున ఊడ్చేస్తే సాయంత్రానికి మళ్లీ చిన్న చిన్న కుప్పలు.

అది చాలదన్నట్టు పది రోజులుగా రాత్రిళ్లు ఏదో కుడుతోంది. అమ్మకు మెడ మీద, చేతుల మీద ఎర్రగా దద్దుర్లు. ముందు చురుక్కుమంటుంది, తర్వాత రెండు మూడు రోజులు ఒకటే దురద. నా కూతురు మధ్యాహ్నం అదే మంచం మీద పడుకుంటే దానికీ నడుము దగ్గర నాలుగు చోట్ల లేచాయి. లైటు వేసి వెతికితే చీమలాంటిది ఒకటి దొరికింది.

పురుగుల మందు కొట్టే అతన్ని పిలిపించాం. చీమలే అని చెప్పి, గోడల వెంట మందు కొట్టి, 2500 తీసుకుని వెళ్లాడు. నాలుగు రోజులు బాగుంది. ఐదో రోజు మళ్లీ మొదలు.

చెక్కను తినేదీ మమ్మల్ని కుట్టేదీ ఒకటేనా? మా ఆయన మంచం బయట పడేద్దాం అంటున్నాడు. అమ్మ ఒప్పుకోవడం లేదు. ఆమె పుట్టింది ఆ మంచం మీదే. ఎవరికైనా ఇలా జరిగిందా?

బురుజు_నీడ
నల్లులు. మెడ, చేతులు అంటున్నారంటే నల్లులే. పరుపు కుట్ల దగ్గర చూడండి.

కడప_కారం
పిండి రాలుతోందంటే చెదలు. ఇందులో ఆలోచించేదేముంది?

పెన్నాగట్టు
పరుపు కుట్లు వేలితో విప్పి మరీ చూశాను. నల్లి ఒక్కటీ లేదు, దుప్పటి మీద నెత్తుటి మరకలూ లేవు. చెదలైతే మట్టి గూడు ఉండాలి కదా, అదీ లేదు. మంచం పక్కన పొడుగ్గా ఉండే పట్టెకు సన్నటి చిల్లులున్నాయి, గుండుసూది తల పట్టేంత. అంతే.

పురుగుల_పంతులు
చెదలు కాదు, నల్లులూ కాదు. దొరికినదాన్ని పారేయకండి. సెల్లోటేపుకు అంటించి, ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూడండి. రెక్కలున్నాయా? నడుము దగ్గర చీమకు ఉన్నట్టు ముడి ఉందా? మీసాలు మోచేయిలా వంగి ఉన్నాయా? తల గుండ్రమా, పొడుగా? చూసి చెప్పండి, అప్పుడు మాట్లాడదాం.

పెన్నాగట్టు
ఇప్పుడే చూశాను. 3 మిల్లీమీటర్లు ఉంటుందేమో. రెక్కల్లేవు. ముదురు గోధుమరంగు, వెనక భాగం నలుపు, నిగనిగలాడుతోంది. తల పొడుగ్గా, పైనుంచి నొక్కినట్టు బల్లపరుపుగా ఉంది. నడుము సన్నమే కానీ చీమకు ఉండే ఆ ముడి కనబడలేదు. మీసాలు పొట్టిగా పూసలు గుచ్చినట్టున్నాయి, చీమ మీసంలా మధ్యలో విరిచినట్టు లేవు. ఇంకోటి కూడా గమనించాను. చీమల్లాగా బారులు తీరి రావు ఇవి. ఎప్పుడూ ఒక్కటే కనిపిస్తుంది.

పురుగుల_పంతులు
చాలా బాగా చూశారు. అది చీమ కాదమ్మా, కందిరీగ. రెక్కల్లేని ఆడ కందిరీగ. మీరు చెప్పిన తల, ఒంటి తీరు, ఆ పిండి, అన్నీ కలిపి చూస్తే స్క్లెరోడెర్మస్ అనే జాతిదో దాని దగ్గరి చుట్టమో అయ్యుండాలి. కుటుంబం పేరు బెథిలిడే.

ఇది చెక్కను తినదు. చెక్కను తినేది వేరే ఉంది, పెంకుపురుగు. దాని పిల్ల, అంటే తెల్లటి గొంగళిలాంటి పురుగు, పట్టె లోపల సొరంగాలు చేసుకుంటూ తిరుగుతుంది. మీరు ఊడుస్తున్న పిండి అది నమిలి వదిలిన పొట్టే. ఈ కందిరీగ ఆ సొరంగాల్లోకి దూరుతుంది. రెక్కల్లేకపోవడం, తల బల్లపరుపుగా ఉండటం అందుకే. ఇరుకు సందుల్లో రెక్కలు అడ్డం.

లోపల పురుగు దొరికాక దాన్ని కుడుతుంది. విషం ఎక్కి పురుగు కదలకుండా పడిపోతుంది, కానీ చావదు, కుళ్లదు. అప్పుడు దాని ఒంటి మీదే గుడ్లు పెడుతుంది. చిన్న పురుగైతే కొన్నే, పెద్ద పురుగైతే డజన్లకొద్దీ. గుడ్డు పగిలి వచ్చిన పిల్లలు పురుగు ఒంటికి అంటుకుని లోపలి రసం పీల్చేస్తాయి. చివరికి మిగిలేది తోలు. తర్వాత అవి పట్టుదారంతో గూళ్లు అల్లుకుంటాయి. వేడిగా ఉంటే ఇదంతా సుమారు నెలలో అయిపోతుంది.

నాకు ఇందులో ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది తల్లి. చాలా కందిరీగలు గుడ్డు పెట్టి వెళ్లిపోతాయి. ఇది వెళ్లదు. పిల్లల దగ్గరే కాపలా ఉంటుంది. పిల్ల జారి పడితే నోటితో పట్టుకుని మళ్లీ పురుగు మీద పెడుతుంది.

మీ ఇంట్లో లోపలి పురుగులు తగ్గినప్పుడో, గూళ్లలోంచి కొత్తవి వచ్చినప్పుడో ఆడవి వేటకు బయటికొస్తాయి. పక్క మీద తిరుగుతాయి. మనం పక్కకు తిరిగితే ఒంటి కింద నలిగి కుడతాయి.

ఉగ్గాణి_బజ్జి
అంటే దొంగను పట్టడానికి వచ్చిన పోలీసు ఇంటివాళ్లను కొట్టిపోతున్నాడన్నమాట.

కడప_కారం
కందిరీగకు రెక్కలుండవా? మా ఇంటి చూరుకు గూడు కట్టే కందిరీగ కుడితే చెయ్యి వాచిపోయింది నాకు. దాన్నీ దీన్నీ ఒకే గాటన కడితే ఎట్ల సార్?

పురుగుల_పంతులు
చూరు కింద గూడు కట్టేవి గుంపుగా బతికేవి, రాణి, పనివాళ్లు ఉంటారు. అవి కందిరీగల్లో చాలా చిన్న భాగం. మిగతావాటిలో ఎక్కువ శాతం ఒంటరివి, చాలా చిన్నవి, ఇంకో పురుగు మీద పిల్లల్ని పెంచేవి. వ్యవసాయంలో వీటిని బదనికలు అంటాం. వరిలో, చెరుకులో ట్రైకోగ్రామా అనే బదనిక ఉన్న కార్డులు కడతారు చూడండి, అదీ కందిరీగే. గుండుసూది మొనంత ఉంటుంది. ఇక చీమలన్నవే కందిరీగల వంశంలోంచి వచ్చినవి. అందుకే ఆ మందు కొట్టే అతను పొరబడ్డాడు, అతన్నీ పూర్తిగా తప్పు పట్టలేం.

సూది_మందు
అనంతపురంలో నర్సుగా చేస్తున్నా. ఇలాంటి దద్దుర్లతో వచ్చేవాళ్లకు ఎక్కువసార్లు నల్లి అనో, గజ్జి అనో, ఎలర్జీ అనో మందులిచ్చి పంపుతారు. ఇంటికెళ్లి మళ్లీ అదే మంచం మీద పడుకుంటే మళ్లీ అదే కథ. అక్కా, అమ్మకు సబ్బునీళ్లతో కడిగి చల్లటి గుడ్డ వేయండి, గోకనివ్వకండి. దురద తగ్గే మాత్ర డాక్టర్ని అడిగి వేయండి. ఒక్క విషయం మాత్రం మర్చిపోవద్దు. కుట్టిన తర్వాత పెదాలు, నాలుక వాచినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి. అరుదే, కానీ ఇదే జాతి కుట్టడం వల్ల అలా అయినవాళ్లు ఉన్నారు. ముందు అమ్మనూ పాపనూ ఆ గదిలోంచి మార్చండి.

పెన్నాగట్టు
మార్చేశానక్కా, ఇద్దరూ హాల్లో పడుకుంటున్నారు. నిన్న ఎవర్నీ కుట్టలేదు.

బురుజు_నీడ
నల్లులన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక డౌటు. ఈ కందిరీగలే పెంకుపురుగుల్ని చంపుతున్నాయి కదా, అమ్మను వేరే గదిలోనే ఉంచి వీటి పని వీటిని చేసుకోనిస్తే మంచం దానంతటదే బాగుపడదా? మందులూ గిందులూ ఎందుకు?

కడప_కారం
మంచి ఐడియా అన్నా. పోలీసుకు జీతం కూడా అక్కర్లేదు.

పురుగుల_పంతులు
వినడానికి బాగుంటుంది కానీ జరగదు. బదనికలు సాధారణంగా ఆఖరి పురుగు దాకా చంపవు. పురుగులు తగ్గేకొద్దీ వెతకడం కష్టమవుతుంది, ఇదీ తగ్గుతుంది, అవి మళ్లీ పెరుగుతాయి. అడవిలో చెట్టుకు అది సరిపోతుంది, పది పురుగుల్లో ఆరు పోయినా చెట్టు నిలబడుతుంది. మంచం పట్టెకు మిగిలిన నాలుగు చాలు.

ఇంట్లో ఈ కందిరీగ కనబడిందంటే దాన్ని కబురుగా తీసుకోండి. చెక్క లోపల బతికున్న పురుగు ఉందని అది చెప్తోంది. పాత చిల్లులు చూసి పురుగు ఉందో పోయిందో మనం చెప్పలేం, ఇది చెప్తుంది. అందుకే గోడలకు మందు కొట్టి ప్రయోజనం లేదు. చెక్కలో పురుగు పోతే ఇదీ ఎక్కువ కాలం ఉండదు, దానికి మీ ఇంట్లో వేరే పని లేదు.

చిత్రిక
ప్రొద్దుటూరులో 27 ఏళ్లుగా వడ్రంగం. పంతులు సారు చెప్పినవన్నీ నాకు తెలియవు కానీ చెక్క సంగతి తెలుసు. అక్కా, మీరు రాసినదాంట్లో నాకు ఒకటి కుదరడం లేదు. అవ్వ పెళ్లినాటి టేకు అన్నారు. అంటే అరవై ఏళ్ల పైమాటే. అంత పాత టేకు చేవకు ఈ పిండి పురుగు పట్టదు. పట్టేదైతే ఎప్పుడో పట్టేది.

మానులో లోపల ముదురు రంగులో ఉండేది చేవ. చుట్టూ బెరడు కింద ఉండే తెల్ల చెక్కలోనే పిండిపదార్థం ఉంటుంది, పురుగు తినేది దాన్నే. అందుకే మా నాయన టేకు దుంగ కోయించినప్పుడు తెల్లభాగం బాడిశతో చెక్కి పొయ్యిలోకి పడేసేవాడు. ఇప్పుడు టేకు ధర చూసి ఎవరూ పడేయరు. తెల్లచెక్క మీద రంగు కొట్టి, పాలిష్ పెట్టి, చేవ పక్కన చేవలాగే నిలబెడతారు. కొన్నవాళ్లకు ఏడాదిన్నర రెండేళ్లకు గానీ తెలియదు.

మీ మంచానికి మధ్యలో ఎప్పుడైనా కొత్త చెక్క వేయించారా? చిల్లులు పట్టెకు అన్నారు, మంచం కోళ్లకు, అంటే కాళ్లకు ఉన్నాయా?

పెన్నాగట్టు
అన్నా, మీరు అడిగాక టార్చి వేసుకుని చూశాను. కోళ్లకు ఒక్క చిల్లూ లేదు. తలవైపు చెక్కకూ లేదు. పట్టెలకే ఉన్నాయి, అందులోనూ ఒక పక్క పట్టెకు ఎక్కువ.

అమ్మను అడిగితే చెప్పింది. రెండేళ్ల కిందట పట్టె ఒకటి విరిగితే ఇక్కడే ఒకతనితో రెండు పట్టెలూ కొత్తవి వేయించిందట. టేకే అని చెప్పి టేకు డబ్బులే తీసుకున్నాడు. నాకు ఈ సంగతే తెలియదు.

చిత్రిక
అదీ సంగతి. మంచం పడేయాల్సిన పని లేదక్కా. పట్టెలు పోతే పోయాయి, కోళ్లు మీ మనవళ్ల దాకా ఉంటాయి.

ఉగ్గాణి_బజ్జి
చిత్రిక అన్న మంచం ముట్టుకోకుండానే దొంగ ఏ గదిలో ఉన్నాడో చెప్పేశాడు. 👏

పురుగుల_పంతులు
చిత్రిక గారూ, మీకు దండం. నేను పురుగును చూశాను, మంచాన్ని చూడలేదు. మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఆ పెంకుపురుగు లిక్టస్ జాతి అయ్యుండాలి. ఆడ పురుగు గుడ్డు పెట్టేముందు చెక్కను కొరికి చూస్తుంది, పిండిపదార్థం చాలినంత లేకపోతే పెట్టదు. చెక్క పాతబడేకొద్దీ ఆ పిండి తగ్గిపోతుంది. అందుకే పాత సామాను వదిలి కొత్త పట్టె పట్టుకుంది.

వెదురు_తడిక
వెదురుకూ ఇదే గోల. మా దగ్గర మేదర్లు వెదురు కొట్టగానే చెరువులోనో వంకలోనో నానేస్తారు. నెల నానితే కంపు కొడుతుంది కానీ పురుగు పట్టదు. అమావాస్య రోజుల్లో కొడితే అసలే పట్టదంటారు మా పెద్దలు.

కడప_కారం
అమావాస్యకూ పురుగుకూ ఏం సంబంధం తల్లీ?

వెదురు_తడిక
నలభై ఏళ్లుగా బుట్టలల్లే మా మామ చెప్పిన మాట. మీరు నమ్మకపోతే మానండి. ఆయన బుట్టకు పురుగు పట్టింది నేను చూళ్లేదు.

పురుగుల_పంతులు
నానబెట్టడం మాత్రం నిజంగా పనిచేసేదే. పిండిపదార్థం నీళ్లలోకి దిగిపోయి పులిసిపోతుంది, ఆ కంపు దానిదే. మీ మామ బుట్టను కాపాడింది నానబెట్టడమే అని నా నమ్మకం.

కోడూరు_బేనీషా
మధ్యలో వస్తున్నా, కానీ ఇది చదివాక ఆగలేకపోయా. మాకు కోడూరు పక్కన ఆరెకరాల మామిడి. బేనీషా చెట్లు ముప్పై ఏళ్లవి. పోయిన ఏడు రెండు చెట్లు నిలువునా ఎండిపోయాయి. మొదట్లో ఒక కొమ్మ వాడింది, నీళ్లు చాలడం లేదనుకున్నా. తర్వాత చూస్తే మాను మొదట్లో చిల్లు, చిల్లు లోంచి నల్లటి జిగురు, రంపపు పొట్టులాంటి పిప్పి. సైకిల్ పుల్ల కొస వంచి కొక్కెంలా చేసి లోపలికి తోస్తే మెత్తగా తగిలింది. మెల్లగా లాగితే నా చూపుడువేలంత పురుగు. పాలమీగడ రంగు, తల మాత్రం నల్లగా, దవడలు ఆడిస్తూనే ఉంది. దాన్ని చూస్తే వొళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్ల చెట్టును నాలుగు వేళ్ల పురుగు చంపేసింది.

మందుల షాపులో అడిగితే ఒకాయన డైక్లోర్వాస్ పాత సీసా ఒకటి తీసిచ్చాడు, దూదితో చిల్లులో పెట్టమన్నాడు. వాసనకే తల తిరిగి ఒక పూట పడిపోయా.

పంతులు సార్, ఈ కందిరీగలు మామిడి పురుగును కూడా పడతాయా? దొరికితే కొని వదులుతా.

పురుగుల_పంతులు
అన్నా, ముందు ఆ సీసా సంగతి. డైక్లోర్వాస్‌ను మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. ఎవరిచ్చినా తీసుకోకండి.

మీ పురుగు పేరు బాటోసెరా రూఫోమాక్యులేటా. పొడుగు మీసాల పెంకుపురుగు పిల్ల అది. తల్లి రాత్రిపూట తిరుగుతుంది, బెరడు కొరికి గాటు పెట్టి అందులో గుడ్డు దాస్తుంది. మామిడి ఒక్కటే కాదు, పనస, అంజూర, మల్బరీ కూడా దానికి ఇష్టం. అది మానులో దగ్గరదగ్గర ఏడాది ఉంటుంది, అందుకే మనం చూసేసరికి ఆలస్యమైపోతుంది.

కొని వదలడానికి ఇప్పుడు మన దగ్గర కొబ్బరి నల్లతల గొంగళిపురుగుకు గోనియోజస్ అనే బదనిక దొరుకుతుంది. తాడిపత్రి అక్క మంచంలో ఉన్నదానికి అది సొంత కుటుంబమే, అదీ బెథిలిడే. కోస్తాలో కొబ్బరి తోటల్లో వదులుతారు. చైనాలో అయితే స్క్లెరోడెర్మస్‌నే ల్యాబుల్లో లక్షల్లో పెంచి, చెట్లను తొలిచే పొడుగు మీసాల పురుగుల మీద అడవుల్లో వదులుతున్నారు. మామిడి మానులో పురుగుకు అలాంటిది మనకు అమ్మకానికి లేదు. మీ సైకిల్ పుల్లే ఇప్పటికీ మంచి ఆయుధం. తీశాక చిల్లును బంకమట్టితో మూసేయండి. ఎండిన చెట్టును తోటలో నిలబెట్టి ఉంచొద్దు, నరికి లోపలి పురుగులతో సహా కాల్చేయండి. మాను మొదళ్లు నెలకోసారి చుట్టూ తిరిగి చూడండి.

డెట్రాయిట్_సీమోడు
నాది గుత్తి. ఇప్పుడు మిషిగన్‌లో ఉంటున్నా. కోడూరు అన్న రాసింది చదువుతుంటే మా వీధే గుర్తొచ్చింది. ఇక్కడ యాష్ అనే చెట్లుండేవి, వీధికి రెండు పక్కలా పందిరి వేసినట్టు. ఆసియా నుంచి ఒక పచ్చటి పెంకుపురుగు వచ్చింది, అరచేతిలో పెట్టుకుంటే మరకతం రాయిలా మెరుస్తుంది. 2002లో ఈ డెట్రాయిట్ దగ్గరే మొదట గుర్తించారు. చెక్క పెట్టెల్లో వచ్చిందంటారు. దాని పిల్లలు బెరడు కింద పాములు పాకినట్టు దారులు చేసి చెట్టుకు నీళ్లు, తిండి పోకుండా చేస్తాయి. కోట్ల చెట్లు పోయాయి. మా వీధిలో ఇప్పుడు మొద్దులే ఉన్నాయి.

2007లో చైనా నుంచి తెచ్చిన మూడు రకాల కందిరీగల్ని వదలడం మొదలుపెట్టారు. ఒకటి గుడ్లను పడుతుంది, రెండు బెరడు కింద పురుగుల్ని పడతాయి. మా ఇంటి వెనక పార్కులో చెట్టుకు చిన్న చెక్క ముక్క వేలాడదీసి ఉంటే ఏంటా అనుకున్నా. ఆ ముక్క నిండా బదనికలు పట్టిన పురుగులట.

బురుజు_నీడ
మరి చెట్లు బతికాయా?

డెట్రాయిట్_సీమోడు
పెద్దవి పోయాయి. పిల్ల చెట్లు వస్తున్నాయి. అక్కడ పనిచేసే ఆవిడ చెప్పింది, టెట్రాస్టికస్ అనే రకానికి గుడ్డు పెట్టే సూది పొట్టిదట, బెరడు పలచగా ఉన్న లేత చెట్లలోనే పురుగును అందుకోగలదు. చెట్టు లావెక్కితే దానికి అందదు. అందుకని 2015లో రష్యా వైపు నుంచి ఇంకాస్త పొడుగు సూది ఉన్న రకానికి అనుమతి ఇచ్చారు. సూది పొడవు మీద ఒక చెట్టు ప్రాణం ఆధారపడి ఉంటుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

నల్లమల_బాట
సూది అనగానే నాకు ఒకటి గుర్తొచ్చింది. మాది ఆత్మకూరు వైపు. పోయిన కార్తీకంలో మా దొడ్లో ఎండు తుమ్మ దుంగ మీద ఒక పురుగును చూశా. ఒళ్లు నా చిటికెన వేలి గోరంత, తోక మాత్రం దానికి మూడింతలు. తోకో కాదో తెలియదు, నల్ల వెంట్రుకలా ఉంది.

దుంగ మీద అటూ ఇటూ నడుస్తూ మీసాల కొసలతో టకటకా తడుతోంది. ఒకచోట ఆగింది. వెనకకాళ్ల మీద నిలువుగా లేచి, ఆ తోకను కడుపు కిందికి తెచ్చుకుని కొసను చెక్క మీద నిటారుగా ఆనించింది. నేను కదలకుండా గొంతుకూర్చున్నా. తోక చీలినట్టై, మధ్యలోంచి ఇంకా సన్నటి దారం ఒకటి చెక్కలోకి దిగడం మొదలైంది. పైన రెండు పోగులు వంకీలాగా బయటే నిలబడ్డాయి. తుమ్మ చెక్క సార్! మేకు కొడితే మేకు వంగిపోయే తుమ్మ! అది మాత్రం వెంట్రుకతో దించుతోంది. ఇరవై నిమిషాలు చూశా. మా అమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు. తర్వాత మెల్లగా పైకి లాక్కుని, మీసాలు తుడుచుకుని ఎగిరిపోయింది. ఆ చోట వేలితో తడిమితే చిల్లు కూడా తెలియలేదు.

అది ఏం చేసింది? ఇప్పటిదాకా ఎవర్ని అడగాలో తెలియక ఊరుకున్నా.

పురుగుల_పంతులు
మీరు చూసింది చూడాలని నేను పదేళ్లు దుంగల చుట్టూ తిరిగాను, రెండుసార్లే కుదిరింది. అదీ బదనిక కందిరీగే. ఇక్నుమోనిడే కుటుంబానిది గానీ బ్రకోనిడే కుటుంబానిది గానీ అయ్యుంటుంది. లోపల పురుగు మీద గుడ్డు పెట్టింది.

అక్క మంచంలో ఉన్నది సొరంగంలో దూరి వెళ్తుంది. ఇది బయటే నిలబడి బావి తవ్వుతుంది. సూదిలో మూడు పోగులు ఒకదానికొకటి గాడిలో జారేట్టు అతుక్కుని ఉంటాయి. ఒకటి కిందికి దిగి చెక్కను పట్టుకుంటే ఇంకోటి దిగుతుంది, మళ్లీ మొదటిది. సుత్తితో కొట్టినట్టు పైనుంచి బలం పెట్టదు, అందుకే వెంట్రుకంత సూది కూడా వంగదు. దీన్ని చూసే మెదడు ఆపరేషన్లకు వంపులు తిరిగే సూదులు తయారుచేయాలని పరిశోధనలు చేస్తున్నారు. ఇంకా, గట్టి చెక్కను తొలిచే రకాల్లో సూది మొనలో జింకు, మాంగనీసు లాంటి లోహాలు చేరి ఉంటాయి. మొనకు సాన పట్టినట్టే. బయట మిగిలిన ఆ రెండు పోగులు సూదికి ఒర.

మీసాలతో తట్టడం ఉత్తినే కాదు. కొన్ని రకాలు అలా తట్టి, ఆ అదురు చెక్కలోంచి తిరిగి వచ్చే తీరును కాళ్లతో పసిగడతాయి. బోలు ఎక్కడుందో, పురుగు ఎక్కడుందో తెలుస్తుంది.

చిత్రిక
కొబ్బరికాయను తట్టి చూసినట్టు. మేమూ దుంగ కొనేముందు సుత్తితో తట్టి చూస్తాం, గుల్ల ఉంటే చప్పుడు మారుతుంది. 27 ఏళ్లలో నేను ఆ చప్పుడుకు రెండుసార్లు మోసపోయాను.

వెదురు_తడిక
ఇదంతా బాగుంది కానీ ఆ పురుగు సంగతి తలుచుకుంటే కడుపులో దేవుతోంది. కదల్లేక, చావలేక, ఒంటి మీద వేరేదాని పిల్లలు తింటుంటే పడి ఉండటం. పాపం కదా.

కోడూరు_బేనీషా
నా చెట్లను అడుగు తల్లీ పాపమో కాదో.

పురుగుల_పంతులు
ఆమె అడిగింది చిన్న ప్రశ్న కాదు. ఇదే విషయం డార్విన్‌ను కూడా కలతపెట్టింది. దయగల దేవుడు కావాలని ఇలాంటి కందిరీగలను పుట్టించాడంటే నమ్మలేకపోతున్నానని 1860లో ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు. నాకూ మొదటిసారి లెన్సు కింద చూసినప్పుడు ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు. ఇప్పటికీ చూస్తున్నంతసేపు రెండు పక్కలా మనసు లాగుతుంది.

పెన్నాగట్టు
చిత్రిక అన్నా, పంతులు గారూ, ఇప్పుడు నేను వరసగా ఏం చేయాలో చెప్పండి. ఆదివారం మా ఆయనకు సెలవు.

చిత్రిక
మంచం మేడ మీదికో వాకిట్లోకో తీసుకెళ్లి విప్పండి. పట్టెలు రెండూ తీసేసి ఇంట్లోకి రానివ్వకండి. పాత మంచాలకు పట్టె కొస కోడు తొలిలో, అంటే కోడుకు తొలిచిన కన్నంలో దిగి ఉంటుంది, చీల కొట్టి ఉంటుంది. సుత్తితో మోటుగా కొట్టొద్దు, చెక్క ముక్క అడ్డం పెట్టి అటొక దెబ్బ ఇటొక దెబ్బ. పట్టె వచ్చాక కోడు తొలి లోపల టార్చి వేసి చూడండి. తొలి లోపల తెల్లగా పిండి ఉంటే తుడిచి, కింద చెక్క గట్టిగా ఉందా అని మేకు మొనతో గుచ్చండి.

పురుగుల_పంతులు
తొలి తుడిచాక వెలిగారం (బోరాక్స్), బోరిక్ పౌడర్ నీళ్లలో కలిపి బ్రష్‌తో లోపల పూయండి. వెలిగారం కంసాలి సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది, బోరిక్ పౌడర్ అంటే క్యారమ్ బోర్డు మీద చల్లే పొడే. పాలిష్ ఉన్నచోట అది లోపలికి ఇంకదు, పచ్చి చెక్క మీదే పూయాలి. పాపకు అందకుండా చూసుకోండి. పరుపు, దిండ్లు రెండు రోజులు ఎండలో వేయండి. కొత్త పట్టెలు తెచ్చాక బిగించకముందే ఇదే పూత వేసి ఆరబెట్టండి.

కడప_కారం
మన ఎండకు పట్టెలు మేడ మీద పడేస్తే పురుగులు మాడిపోవా? పూతలెందుకు?

పురుగుల_పంతులు
చెక్క నడిమధ్య 55 డిగ్రీలు దాటి గంటసేపు నిలబడితే చస్తాయి. పైన కాలినంత మాత్రాన లోపల కాగదు. నల్ల ప్లాస్టిక్ చుట్టి ఏప్రిల్, మే ఎండలో పెడితే సన్నటి చెక్కకు పనిచేయొచ్చు. అక్క పట్టెలు ఎలాగూ గుల్లయ్యాయి కాబట్టి దాచుకునే పని లేదు.

పెన్నాగట్టు
ఆదివారం పొద్దున మేడ మీద విప్పాం. చిత్రిక అన్న చెప్పినట్టే చెక్క అడ్డం పెట్టి కొట్టాం, కోళ్లకు గీత కూడా పడలేదు. తొలుల లోపల ముదురు రంగు టేకు, మేకు గుచ్చితే మొన దిగలేదు. కోడు అడుగున ఎవరో ఉలితో రెండు అక్షరాలు చెక్కారు. మా అవ్వ పేరు మొదటి అక్షరం, తాత పేరు మొదటి అక్షరం. అమ్మకు కూడా ఇన్నేళ్లూ తెలియదు. కోడు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

పట్టెను మా ఆయన కాలు పెట్టి తొక్కితే మురుకులా విరిగింది. పైన వేలి గోరు మందాన రంగు చెక్క, లోపలంతా తెల్లటి పిండి. సొరంగాల్లో చిన్న తెల్ల పురుగులు కొడవలిలా వంగి, కొన్ని కదులుతున్నాయి. ఒక సొరంగంలో మాత్రం పురుగు లేదు, ఎండిన తోలు ముక్క, దాని పక్కన నాలుగు తెల్లటి గూళ్లు, ఒక్కోటి బియ్యపు గింజలో సగం. గూళ్ల మీదుగా రెక్కల్లేనిది ఒకటి నిలబడి ఉంది. పట్టె విరిగినా, వెలుతురు పడినా పారిపోలేదు.

పంతులు గారు చెప్పిన తల్లి గుర్తొచ్చింది. మిగతా పట్టెంతా కాల్చేశాం. ఆ జానెడు ముక్క మాత్రం కాల్చలేకపోయాను.

నల్లమల_బాట
అక్కా, మరి దాన్ని ఏం చేశారు?

పెన్నాగట్టు
ఊరగాయ సీసాలో వేసి, మూతికి రెండు పొరల పట్టుగుడ్డ కట్టి రబ్బరుబ్యాండు వేశాను. మేడ మీద గదిలో నీడన పెట్టాను.

చిత్రిక
పట్టెలకు ఈసారి టేకు అని ఎవరన్నా అంటే అడ్డంగా కోసిన కొస చూపించమనండి. కొసలో రంగు తేడా తెలిసిపోతుంది, పక్కల మీద రంగు పూస్తారు గానీ కొసకు ఎవరూ పూయరు. లేదంటే చెప్పండి, మా దగ్గర పాత ఇంటి దూలం ముక్కలున్నాయి. కొలత పంపితే కోసి బస్సులో వేయిస్తా.

పెన్నాగట్టు
కొలత మీకు మెసేజ్ పెట్టానన్నా. ఆరడుగుల రెండంగుళాలు.

సూది_మందు
అమ్మకు దద్దుర్లు ఎలా ఉన్నాయి?

పెన్నాగట్టు
మచ్చలు మిగిలాయి, దురద పోయింది. కొత్తగా ఒక్కటీ రాలేదు, 12 రోజులైంది.

పెన్నాగట్టు
పట్టెలు నిన్న ప్రొద్దుటూరు నుంచి వచ్చాయి. పూత వేసి ఆరబెట్టాం, రేపు బిగిస్తారు. ఇంకో సంగతి. ఈ పొద్దున నా కూతురు సీసా దగ్గర నుంచి కేకేసింది. నాలుగు గూళ్లలో ఒకటి పగిలింది. గుడ్డ కింద సీసా అంచు మీద చిన్నది ఒకటి తిరుగుతోంది, దీనికి మాత్రం రెక్కలున్నాయి. పంతులు గారూ, ఇది మగదా?

పురుగుల_పంతులు
మగదే అయ్యుండొచ్చు, మగవి ముందు వస్తాయి. గుడ్డ విప్పకండి. మిగతా మూడు గూళ్ల మీదికి వెళ్తుందేమో పాపను చూస్తూ ఉండమనండి. లోపలున్న అక్కచెల్లెళ్లు బయటికి రాకముందే గూడుకు కన్నం పెట్టి దూరుతుంది అది.